హక్కును అడిగే మాట



ఏటా ఆగస్టు 10 దగ్గర పడేసరికి మన విచారణల యువకులు గురువుల దగ్గరకు వచ్చి, "ఫాదర్, సభలో మాట్లాడాలి, ఏదైనా రాసివ్వండి" అని అడుగుతుంటారు. 1950లో ఆ తేదీన వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల జాబితాను ఖరారు చేసింది. హిందూ మతం కాక వేరే మతాన్ని అవలంబించేవారు ఆ జాబితా కిందకు రారని దాని మూడవ పేరా చెప్పింది. అందుచేత దళిత క్రైస్తవులు ఆ రోజును నల్ల దినంగా పాటిస్తూ వస్తున్నారు. నాలుగు పేజీలు రాసివ్వడం పెద్ద పని కాదు. కాని ఎవరో రాసిచ్చిన ప్రసంగం నోటికి వస్తుందే తప్ప మనసుకు రాదు. కనుక ఈ వారం ప్రసంగానికి బదులు ఒక పాఠం చెప్పుకుందాం. హక్కు కోసం నోరు తెరిచిన మనిషి ఎదుటివారిని ఒప్పించేది ఎట్లా?

ఒప్పించడం అనే మాట వింటే మన కడప జిల్లాలో కొందరు పెద్దవాళ్లు నవ్వుతారు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల చుట్టుపక్కల పల్లెల్లో ఒక తరం మనుషులు చూసింది ఒప్పించడం కాదు, ఒప్పుకోవడం. పెద్దింటి అరుగు మీద నుంచి ఒక మాట వచ్చేది, కింద నిలబడినవాడు తల ఊపేవాడు. ఊపకపోతే గడ్డివామి తగలబడేది, కక్షలు ముదిరితే నాటుబాంబు మాట్లాడేది. బెదిరించి తెచ్చుకున్న ఒప్పుదల బెదిరింపు ఉన్నంతకాలమే నిలుస్తుందని, ఆ కక్షల్లో బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లులకు ఎవరూ చెప్పనక్కరలేదు. రెండో దారి కూడా మనకు బాగా అలవాటే. చేతులు కట్టుకుని "మీరే దిక్కు సామీ" అని బతిమాలుకోవడం. దానివల్ల ఒక్కోసారి పని అవుతుంది. అయితే అక్కడ దొరికేది దయ, హక్కు కాదు. రేపు ఆ దయగలవాడి మనసు మారితే మళ్లీ అడగడానికి మన చేతిలో ఏమీ ఉండదు. బెదిరింపూ కాకుండా, బతిమాలుకోవడమూ కాకుండా, ఎదుటివాడి బుద్ధితోనూ మనస్సాక్షితోనూ మాట్లాడేది మూడో దారి.

ఈ మూడో దారిని నేర్పే గొప్ప కథ పాత నిబంధనలో ఉంది. సమూయేలు రెండవ గ్రంథం 12వ అధ్యాయం తీసి ఇంటిల్లిపాదీ చదవండి. దావీదు రాజు ఊరియా భార్యను చేరదీసి, ఊరియాను యుద్ధంలో చంపించాడు. నాతాను ప్రవక్త రాజు ముందుకు వెళ్లాడు. వెళ్లగానే వేలు చూపించి ఉంటే ఏమయ్యేదో మనం ఊహించవచ్చు. ఆయన ఒక ఫిర్యాదు తెచ్చినట్టుగా మొదలుపెట్టాడు. ఒక ఊళ్లో మందలు మందలుగా గొర్రెలున్న ధనవంతుడు, ఒకే ఒక గొర్రెపిల్ల ఉన్న పేదవాడు. ఆ పిల్ల పేదవాడి కంచంలో తిని, వాడి ఒళ్లో పడుకుని, కూతురిలాగా పెరిగింది. ధనవంతుడి ఇంటికి చుట్టం వచ్చాడు. తన మంద జోలికి పోకుండా ఆ పేదవాడి పిల్లను పట్టుకొచ్చి కోయించాడు. విన్న దావీదు మండిపడి, అట్లాంటివాడు చావదగినవాడని తీర్పు చెప్పేశాడు. ఆ ధనవంతుడు ఎదురుగా సింహాసనం మీద ఉన్నవాడేనని నాతాను అప్పుడు తేల్చి చెప్పాడు.

నాతాను కొత్త చట్టమేదీ తీసుకురాలేదు. దావీదు లోపల అప్పటికే ఉన్న న్యాయాన్ని బయటికి రప్పించి, ఆ న్యాయం చేతనే అతణ్ణి నిలదీశాడు. కథను ఎంచుకోవడంలో కూడా తెలివి ఉంది. దావీదు గొర్రెల కాపరిగా పెరిగినవాడు. గొర్రెపిల్ల విలువ అతనికి ఎవరూ వివరించనక్కరలేదు. ఇంకొక సంగతి. నాతాను కథ చెప్పి ఊరుకోలేదు. మనలో కొందరు కథ దగ్గరే ఆగిపోతారు, అది మర్యాద అనుకుంటారు. ఇంకొందరు నిందతోనే మొదలుపెడతారు, అది ధైర్యం అనుకుంటారు. ఆ ప్రవక్త రెండింటినీ వరుస తప్పకుండా చేశాడు.

సెమినరీలో తత్వశాస్త్రం చదివే రోజుల్లో అరిస్టాటిల్ చెప్పిన మూడు సాధనాల్ని మాకు వల్లె వేయించేవారు. వినేవాడు ఒప్పుకునేది ఒకటి వక్త శీలాన్ని చూసి, రెండు తన హృదయం కదిలి, మూడు మాటలోని హేతువును బట్టి. పునీత అగుస్తీను గారు జ్ఞానస్నానానికి ముందు మిలాను నగరంలో ఈ విద్యకే అధ్యాపకుడు. తరువాత మేత్రాణులయ్యాక బోధకుల కోసం రాసిన పుస్తకంలో, అబద్ధం చెప్పేవారంతా మాట నేర్పుతో వస్తుంటే సత్యం చెప్పేవారు మాత్రం నిరాయుధులుగా నిలబడాలా అని వాదించారు. మన సభల్లో మైకు పగిలేలా అరవడాన్నే గొప్ప ప్రసంగం అంటున్నారు. దాని వల్ల వక్తకు ఆయాసం, శ్రోతకు తలనొప్పి. ప్రొద్దుటూరు బంగారు అంగడిలో నగ అమ్మబోయినవాడు ఎంత గట్టిగా అరిచినా షరాబు గీటురాయి తీయక మానడు. మన మాటను కూడా వినేవాడు గీసి చూస్తాడు. ఏ రాయి మీద గీస్తాడు? తాను ముందే నమ్మిన దాని మీద.

తెలుగునాట ఈ రహస్యాన్ని గుర్రం జాషువా గారంత బాగా ఎరిగినవారు అరుదు. 1895లో వినుకొండలో పుట్టారు. తండ్రి యాదవులు, తల్లి మాదిగ, ఇల్లు క్రైస్తవం. 1941లో ఆయన 'గబ్బిలం' వచ్చింది. అందులో కథానాయకుడు ఆకలితో మాడుతున్న ఒక అరుంధతీయుడు. తన గోడు కాశీలోని శివుడికి చెప్పుకోవాలి. కాని గుడి తలుపు అతనికి తెరుచుకోదు. రాత్రివేళ అతని గుడిసెలోకి ఒక గబ్బిలం వస్తుంది. దానికి మాత్రం ఏ గుడిలోనూ అడ్డు లేదు, గర్భగుడిలో దేవుడి చెవి దగ్గరే వేలాడగలదు. అందుచేత తన సందేశాన్ని దానిచేత పంపుతాడు.

ఈ ఎంపికల్ని ఒక్కొక్కటిగా చూడండి. కాళిదాసు మేఘసందేశం ఆనాటి పండితులందరికీ కంఠస్థం. విరహంతో ఉన్న యక్షుడు మేఘాన్ని దూతగా పంపుతాడు. జాషువా గారు ఆ అచ్చులోనే విరహానికి బదులు ఆకలిని పోశారు. ఛందస్సు పండితుల ఛందస్సే. మాదిగవాడి గోడు మామూలు మాటల్లో చెబితే చెవిన పెట్టని మనిషి, పద్యం మీది ప్రేమకొద్దీ చెవి ఒగ్గాడు. విన్న తరువాత వినలేదని అనలేడు కదా.

క్రైస్తవ ఇంట్లో పుట్టిన కవి తన ఫిర్యాదును శివుడికే విన్నవించడం ఇంకా గమనించదగినది. మీ దేవుడు అబద్ధమని ఆయన వాదం పెట్టుకోలేదు. మీరు కొలిచే దేవుడి ముందే నా వ్యాజ్యం అన్నాడు. ఆ భక్తుడికి తప్పించుకునే దారి లేదు. పైగా గబ్బిలం అపశకునమని జనం అసహ్యించుకునే ప్రాణి. దానికి ఉన్న ప్రవేశం మనిషికి ఎందుకు లేదు? ఈ ప్రశ్నను కవి వాదించనవసరం లేదు, గబ్బిలాన్ని ఎంచుకోవడంలోనే వాదం పూర్తయింది. సిగ్గుపడకుండా పైకి చెప్పగల జవాబు ఎవరి దగ్గరా లేదు. తిరుపతి వేంకట కవుల్లో ఒకరైన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి గారు స్వయంగా జాషువా గారి కాలికి గండపెండేరం తొడిగారంటే, ఆ మాట ఎంత దూరం వెళ్లిందో తెలుస్తుంది. 'క్రీస్తు చరిత్ర'కు 1964లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది, 1970లో పద్మభూషణ్ వచ్చింది, 1971లో కన్నుమూశారు.

పద్యం విని గుడి తలుపులు తెరుచుకున్నాయా అని ఎవరైనా అడగవచ్చు. సరైన ప్రశ్నే. మద్రాసు రాష్ట్రంలో ఆలయ ప్రవేశ చట్టం 1947లో వచ్చింది. దాని వెనుక ఎందరి ఉద్యమమో, ఎన్ని సంవత్సరాల ఒత్తిడో ఉంది. కావ్యం ఒక్కటే చట్టం తేలేదు. మూసి ఉంచడానికి చెప్పుకునే సాకుల్ని అది ఒక్కొక్కటిగా ఊడబెరికింది. మాట చేయగలిగిన పని అదే, అది చిన్న పని కాదు.

మన జిల్లాకు ఈ సంప్రదాయం కొత్తదేమీ కాదు. కందిమల్లాయపల్లె పోతులూరి వీరబ్రహ్మం గారి శిష్యుల్లో దూదేకుల సిద్ధయ్య, మాదిగ కక్కయ్య ఉన్నారని మన తాతలు చెప్పుకునేవారు. కులం మీద వేమన వేసిన దెబ్బల్ని కూలివాడికి కూడా నోటికి వచ్చేంత చిన్న పద్యాల్లో వేశాడు. కడపలో కొలువు చేసిన బ్రౌను దొర వాటిని సేకరించి, ఇంగ్లీషు చేసి 1829లో అచ్చు వేయించాడు.

ఇక సముద్రాలు దాటి ఒక జైలు గదికి వెళ్దాం. 1963 ఏప్రిల్ 12, పవిత్ర శుక్రవారం. అమెరికాలో అలబామా రాష్ట్రంలోని బర్మింగ్‌హామ్ పట్టణంలో నల్లవారికి హోటళ్లలో ప్రవేశం లేదు, మంచినీళ్ల కుళాయి కూడా వేరు. దానికి వ్యతిరేకంగా ఊరేగింపు తీసినందుకు పాస్టరు మార్టిన్ లూథర్ కింగ్ గారిని ఆ రోజు అరెస్టు చేశారు. అదే రోజు ఎనిమిదిమంది తెల్ల మతపెద్దలు ఒక ప్రకటన చేశారు. ఈ ప్రదర్శనలు తెలివైన పని కాదు, ఇది సమయమూ కాదు, ఓపిక పట్టి కోర్టులకు వెళ్లండి అని దాని సారాంశం. వారిలో ఒకరు యూదుల రబ్బీ, తక్కినవారు క్రైస్తవులు. మన కతోలిక సహాయ మేత్రాణులు జోసెఫ్ డ్యూరిక్ గారూ ఆ సంతకందారుల్లో ఉన్నారు.

ఆ ప్రకటనకు జవాబును కింగ్ గారు జైల్లో దొరికిన వార్తాపత్రిక అంచుల ఖాళీల్లోనే రాయడం మొదలుపెట్టారు. ఏప్రిల్ 16 తేదీ వేసిన ఆ ఉత్తరం చదివితే మొట్టమొదట ఆశ్చర్యపరిచేది ఆ మర్యాద. తనను తప్పుపట్టినవారిని తోటి సేవకులని సంబోధించారు. వారు మంచి మనసుతోనే రాసి ఉంటారని ఒప్పుకున్నారు. ఆ తరువాత వారి ఆక్షేపణల్లో ఒక్కటీ వదలకుండా వరుసగా జవాబు చెప్పారు. మా ఊరివాడివి కాదు, ఎందుకొచ్చావన్న మాటకు, పిలిచిన చోటికి సువార్తతో వెళ్లిన పౌలును చూపించారు. చట్టాన్ని ధిక్కరించావన్నదానికి, అన్యాయపు చట్టం చట్టం అనిపించుకోదన్న అగుస్తీను గారి వాదాన్నీ, దైవనియమంతో పొసగని మానవ చట్టం అన్యాయమని చెప్పిన పునీత తోమాసు అక్వినాసు గారినీ సాక్ష్యంగా తెచ్చారు. ఇక్కడే ఆయన నేర్పు చూడాలి. ఆయన బాప్టిస్టు. కాని కతోలికుడికి కాదనలేని సాక్షి అక్వినాసు. రబ్బీకి కాదనలేని సాక్షి యూదు తత్వవేత్త మార్టిన్ బూబర్. ప్రొటెస్టెంటులకు వారి వేదాంతి పాల్ టిల్లిక్. ముగ్గురూ ఆ ఒక్క ఉత్తరంలోనే ఉన్నారు. ఎవరి గురువుతో వారికి చెప్పించారు.

హేతువు ఒక్కటే అయితే అది పాఠ్యపుస్తకంలా ఉండేది. ఇంకా ఎంతకాలం ఓపిక పట్టమంటారని అడిగేచోట ఆయన వాక్యం ఒక పట్టాన ముగియదు. కారణం తరువాత కారణం చేరుతూ చాంతాడంత సాగుతుంది. అందులో ఆరేళ్ల కూతురు కనిపిస్తుంది. టెలివిజన్‌లో ప్రకటన చూసి, పిల్లల ఆటల పార్కుకు వెళ్దాం నాన్నా అంటుంది. అది నల్లపిల్లలకు కాదని చెప్పవలసిన తండ్రి నాలుక తడబడుతుంది. చదువుతున్న మనిషికి ఊపిరి ఆడదు. నల్లవారి ఓపిక ఎంత సాగదీయబడిందో ఆ వాక్యం పొడవే చెబుతుంది. కన్నీళ్లు తెప్పించడానికి ఆయన ఏదీ కల్పించలేదు, తన ఇంట్లో జరిగిందే చెప్పారు.

1964లో అమెరికా పౌర హక్కుల చట్టం వచ్చింది. ఉత్తరం ఒక్కటే తెచ్చిందని చెప్పలేం. డ్యూరిక్ గారు మాత్రం తరువాతి సంవత్సరాల్లో నాష్‌విల్ మేత్రాణులుగా నల్లవారి హక్కుల పక్షాన గట్టిగా నిలబడ్డారు. తెల్ల విశ్వాసుల్లో కొందరి కోపానికి కూడా గురయ్యారు.

ఈ కింగ్ గారిని ఒక్క మాటతో కదిలించిన ఘనత మన దేశానికి ఉంది. 1959లో ఆయన భారతదేశం వచ్చారు. కేరళలో ఒక బడి ప్రధానోపాధ్యాయుడు తన పిల్లలకు ఆయన్ను పరిచయం చేస్తూ, అమెరికా నుంచి వచ్చిన తోటి అంటరానివాడని అన్నారట. మొదట మనసు చివుక్కుమన్నదనీ, తరువాత తన దేశంలో తన స్థితిని తలచుకుని, అవును, నేను అంటరానివాణ్ణే అనుకున్నాననీ 1965లో ఒక ప్రసంగంలో ఆయనే చెప్పుకున్నారు.

ఇప్పుడు వక్త శీలం సంగతి. మన ఆంధ్రదేశంలో పౌర హక్కుల కోసం పనిచేసినవారిలో కె. బాలగోపాల్ గారిది ఒక ప్రత్యేకమైన పద్ధతి. గణితం అధ్యాపకుడు, తరువాత హైకోర్టు వకీలు. ఘటన జరిగిన ఊరికి వెళ్లి, అందరినీ అడిగి, జరిగింది జరిగినట్టు రాసేవారు. రాజ్యం చేసిన హింసను ఎంత నిష్కర్షగా ప్రశ్నించారో, విప్లవకారుల హింసను అడగడంలో కూడా వెనుకాడలేదు. ఆ విభేదం వల్లనే పాత సంఘం నుంచి బయటికి వచ్చి 1998లో మరికొందరితో కలిసి మానవ హక్కుల వేదికను ఏర్పాటు చేశారు. 2009లో పోయారు. దేవుడి విషయంలో ఆయన దారి వేరు, మన దారి వేరు. కాని సొంత పక్షాన్ని కూడా అదే తక్కెడలో తూచినవాడి మాటకు శత్రువు కూడా విలువ ఇస్తాడన్నది అక్కడ నేర్చుకోవలసిందే.

ఈ చివరి సంగతి మనకు ఎక్కడ తగులుతుందో చూద్దాం. మద్రాసులో రోడ్డు పక్కన చెప్పులు కుట్టుకునే సూసై అనే ఆయన ఉండేవారు. దళిత క్రైస్తవుడు. షెడ్యూల్డు కులాల చర్మకారులకు ప్రభుత్వం ఉచితంగా బంకులు ఇచ్చింది. పక్కనే కూర్చుని అదే పని చేస్తున్న ఈయనకు, క్రైస్తవుడివి కనుక లేదన్నారు. ఆయన సుప్రీంకోర్టుకు వెళ్లారు. 1985లో తీర్పు వచ్చింది. మతం మారినా కులం మిగిలే ఉందని చూపితే చాలదు, ఆ కులం వల్ల కలిగే కష్టనష్టాలు కొత్త మతంలో కూడా అంతే తీవ్రంగా ఉన్నాయని రుజువులు చూపాలి, అవి మా ముందు లేవు అని కోర్టు కొట్టేసింది.

ఆ తీర్పు మనల్ని ఒక ఇరుకులో పెట్టింది. హక్కు కావాలంటే, క్రైస్తవంలో వివక్ష ఉందని మనమే రుజువు చేయాలి. గుడిలో మాత్రం క్రీస్తునందు భేదాలు లేవని బోధిస్తాం. ప్రత్యర్థి ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి, ఏది నిజం అని అడుగుతాడు. దీనికి తెలివైన జవాబు వెదకడం కంటే నిజమైన జవాబు చెప్పడం మేలు. భేదాలు లేవన్నది క్రీస్తు ఆజ్ఞ, ఉన్నాయన్నది మన వాడుక. భారత కతోలిక మేత్రాణుల సమాఖ్య 2016లో దళితుల సాధికారత గురించి వెలువరించిన విధాన పత్రంలో, శ్రీసభలో అంటరానితనం, వివక్ష ఉన్నాయని ఒప్పుకుని, వాటిని తొలగించాలని చెప్పింది. కొందరికి ఆ ఒప్పుకోలు పరువు తక్కువగా తోచింది. నాకు మాత్రం మన వాదంలో అన్నిటికంటే బలమైన పుట అదేననిపిస్తుంది. తన తప్పును దాచుకోనివాడు ఎదుటివాడి తప్పును చూపిస్తే నమ్మబుద్ధి అవుతుంది.

మన చేతిలో ఉన్న హేతువులు కూడా తక్కువవి కావు. 1956లో సిక్కు దళితులను, 1990లో బౌద్ధ దళితులను జాబితాలో చేర్చారు. మతం మారితే కులం పోతుందన్న సూత్రాన్ని చట్టమే రెండుసార్లు పక్కన పెట్టింది. అంటరానితనాన్ని ఏ రూపంలోనైనా నిషేధించిన రాజ్యాంగం 17వ అధికరణంలో మతం ప్రస్తావన లేదు. జస్టిస్ రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో ఆ మూడవ పేరాను తొలగించాలని సిఫారసు చేసింది, సభ్య కార్యదర్శి మాత్రం విభేదించారు. 2009 ఆగస్టులోనూ, మళ్లీ 2023 మార్చిలోనూ మన రాష్ట్ర శాసనసభ దళిత క్రైస్తవులకు ఎస్.సి. హోదా కోరుతూ తీర్మానం చేసింది. రెండుసార్లూ ముఖ్యమంత్రి స్థానంలో ఉన్నది పులివెందుల శాసనసభ్యులే. అయితే 341వ అధికరణం ప్రకారం జాబితా మార్చే అధికారం పార్లమెంటుదే గనుక, తీర్మానం కోరిక మాత్రమే అయింది. 2022 అక్టోబరులో కేంద్రం జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ గారి అధ్యక్షతన మరొక కమిషన్ వేసింది.

"మీలో కార్డినల్ అయినవాళ్లున్నారు కదా, ఇంకేం వివక్ష?" అని ఒకరు అడగవచ్చు. 1992లో మన కడప మేత్రాసన గురువుగా అభిషేకం పొందిన పూల అంతోని గారు 2022లో కార్డినల్ అయ్యారు, దళితుల్లో నుంచి మొదటివారు. అందుకు మనమంతా ఆనందించాం. కాని 1997లో కె.ఆర్. నారాయణన్ గారు రాష్ట్రపతి అయ్యారని ఎవరైనా షెడ్యూల్డు కులాల జాబితా ఎత్తేయమన్నారా? నొప్పించకుండా, అడిగినవాడి తర్కంతోనే వాడికి చెప్పే జవాబు ఇది.

వాదించేటప్పుడు గుర్తుంచుకోవలసిన మరొక శ్రోత ఉన్నాడు. హిందువుగా ఉన్న మన మాల, మాదిగ బంధువు. ఉన్న రొట్టెలోకి ఇంకొకరు వస్తే నా పిల్లవాడి ముక్క తగ్గుతుందేమోనని అతని భయం. ఆ భయం అన్యాయమైనది కాదు. అతణ్ణి విరోధి అన్నామా, సగం వాదం ఓడిపోయినట్టే. వాటా పెంచమనే కోరికను కూడా మన అర్జీలో చేర్చి, అతనితో కూర్చుని మాట్లాడాలి.

అన్నిటికంటే కష్టమైనది ఇంటి లోపలి మాట. మన పల్లెల్లో ఎన్నో కుటుంబాలకు గుడిలో ఒక పేరు, బడి రికార్డులో ఒక పేరు. ఉన్నదున్నట్టు చెబితే బి.సి.-సి కింద ఒక్క శాతం, దాచితే ఎస్.సి. కింద పిల్లవాడికి చదువు. 2025లో మన హైకోర్టు ఒక పాస్టరు పెట్టిన కేసులో, క్రైస్తవం పుచ్చుకున్నవారికి ఎస్.సి., ఎస్.టి. అత్యాచారాల నిరోధక చట్టం రక్షణ వర్తించదని చెప్పింది. అంటే పోయేది సీటూ, ఉద్యోగమే కాదు, దెబ్బ తిన్నప్పుడు చట్టం కూడా. ఈ స్థితిలో రెండు పేర్లతో బతుకుతున్న తల్లిదండ్రులకు పీఠం దగ్గర నిలబడి తీర్పు చెప్పడం నా చేత కాదు. ఆ ఇరుకు వారు తెచ్చుకున్నది కాదు, 1950 నాటి పేరా తెచ్చిపెట్టింది. కాని ఆ రెండు పేర్లు మన వాదానికి తెచ్చే నష్టం మాత్రం చెప్పకుండా ఉండలేను. దాగి ఉన్నవాడు సాక్ష్యం చెప్పలేడు. 1985లో రుజువులు లేవన్న కోర్టుకు రుజువులు చూపవలసిన మనుషులు జనాభా లెక్కల్లోనే కనిపించకపోతే, మన తరఫున ఎంత గొప్ప వకీలు నిలబడినా ఏం చేస్తాడు?

చివరగా చేతిపని ఒకటి. జమ్మలమడుగు ప్రాంతంలో ఒక పల్లె అనుకుందాం. మన సమాధుల తోటకు పోయే బాటకు ఎవరో కంప కొట్టారు. తహసీల్దారు గారికి అర్జీ రాయాలి. సాధారణంగా రాసేది ఎట్లా ఉంటుంది? ఫలానావారు మమ్మల్ని తరతరాలుగా అణచివేస్తున్నారు, మేము క్రైస్తవులమని చిన్నచూపు, తగిన చర్య తీసుకోగలరు అని రెండు పేజీలు. కోపం నిజమైనదే. కాని ఆఫీసులో కూర్చున్నవాడికి పట్టుకోవడానికి అందులో ఒక్క కొస కూడా దొరకదు.

దాన్ని మళ్లీ రాయండి. ఏ తేదీన ఎవరి శవపేటికతో ఎన్ని గంటలు నిలబడవలసి వచ్చింది, ఏ పొలం గట్ల మీదుగా ఎంత దూరం చుట్టు తిరిగి వెళ్లారు అన్నదానితో మొదలుపెట్టండి. గ్రామ పటంలో ఆ బాట ఉందేమో వి.ఆర్.ఓ. దగ్గర చూసి సర్వే నంబరు వేయండి. ఆ బాటన నడిచిన పెద్దవాళ్లలో మనవాళ్లు కానివారి సంతకాలు రెండైనా సంపాదించండి. ఏం చేయాలో ఒకే వాక్యంలో అడగండి: సర్వేయరును పంపి కొలిపించి, కంప తీయించండి. అర్జీకి ముందు ఊరి పెద్దలతో మాట్లాడేటప్పుడు కులం మాట తరువాత ఎత్తవచ్చు. శవానికి దారి ఇవ్వాలన్నది మన ఊళ్ల ఆచారం, ఎంత పగవాడైనా పాడె ఎదురైతే పక్కకు తొలగి నిలబడతాడు. మొదట ఆ మాట అడగండి. కంప కొట్టినవాడి తండ్రిని ఎవరు మోశారో కూడా ఊళ్లో ఎవరికో ఒకరికి గుర్తుండే ఉంటుంది. వాళ్లు మనల్ని ఎదురు ప్రశ్న వేయవచ్చు: మీ సమాధుల తోటలో మీ అన్ని కులాలవాళ్లనూ ఒకే వరుసలో పెడతారా అని. అక్కడికి బయలుదేరక ముందే మన సంఘ పెద్దలు ఆ ప్రశ్నను తమలో తాము తేల్చుకోవాలి.

వచ్చే ఆదివారం బలిపూజ తరువాత ఉపదేశం తరగతిలో ఈ అర్జీని ప్రతి కుటుంబమూ ఒక పేజీకి మించకుండా రాసి తీసుకురావలసిందిగా కోరుతున్నాను. ఇంట్లో చదువుకుంటున్న ఆడపిల్లలు రాస్తే మరీ మంచిది, అక్షరాలు చదవగలిగేలా ఉంటాయి. నిజంగా ఇవ్వవలసి వచ్చిన రోజు రెండు ప్రతులు తీసుకెళ్లి, ఒకదాని మీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకుని ఇంటికి తెచ్చుకోండి.